పనిచేసే చోట సిబ్బంది మానసిక ఆరోగ్యానికి పైఅధికారి అండగా నిలవడం ఎలా?

తమిళుల పెరటాసి నెల శనివారాలూ బ్రహ్మోత్సవాలూ కలిసి వచ్చినప్పుడు తిరుపతిలో లాడ్జీ కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగి, గరుడ సేవ నాటి రాత్రి పసిపిల్లలతో వచ్చిన వాళ్లకు గదులు లేవని ఎన్నిసార్లు చెబుతాడో లెక్కే ఉండదు. జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల కాటా దగ్గర కూర్చునే గుమస్తాకు తోతాపురి ధర నిర్ణయించే అధికారం లేకపోయినా, బారులు తీరిన ట్రాక్టర్ల మీది రైతుల కోపమంతా ముందుగా తగిలేది అతనికే. ఈ రద్దీని ఏ యజమానీ ఆపలేడు. అయితే ఆ బరువు ఎవరి మీద ఎంత పడాలి, ఎన్ని రోజులు పడాలి అన్నది మాత్రం పూర్తిగా పైఅధికారి చేతిలోనే ఉంటుంది. ఏడాదికొకసారి మానసిక ఆరోగ్యం మీద ఉపన్యాసం ఏర్పాటు చేయడం కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా పని పరిస్థితులను మార్చాలనీ, పైస్థాయి వారికి ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలనీ సూచించాయి.

మొదట డ్యూటీ చార్ట్ చూడండి

గత మూడు నెలల చార్టులను ముందు పెట్టుకుని, రాత్రి డ్యూటీలు వరుసగా ఎవరికి పడ్డాయో, పండుగ రోజుల్లో ప్రతిసారీ ఎవరు పనిలో ఉన్నారో పేర్ల వారీగా లెక్క వేయండి. ఎదురు చెప్పని మనిషికే ఎక్కువ పడి ఉండటం చాలా చోట్ల కనిపిస్తుంది. రాత్రి డ్యూటీ దిగిన మనిషిని మర్నాడు ఉదయపు డ్యూటీకి పిలవకండి. చార్టును కనీసం వారం ముందుగా గోడకు అంటించండి. రద్దీ రోజుల్లో వదులుకున్న వారపు సెలవుకు బదులుగా ఇచ్చే సెలవును "తర్వాత చూద్దాం" అని దాటవేయకుండా, తేదీతో సహా అదే చార్టులో రాయండి.

మార్పును గమనించండి, రోగం పేరు పెట్టకండి

వేళకు వచ్చే మనిషి తరచూ ఆలస్యంగా రావడం, లెక్కల్లో ఎన్నడూ లేని తప్పులు దొర్లడం, నలుగురితో కలిసి భోంచేసే మనిషి ఒంటరిగా కూర్చోవడం, చిన్న మాటకే కోపం లేదా కన్నీళ్లు రావడం వంటివి రెండు వారాలకు మించి కొనసాగితే మాట్లాడవలసిన సమయం వచ్చిందని గ్రహించాలి. అది కుంగుబాటా, ఇంటి కష్టమా, వేరే ఏదైనా జబ్బా అని తేల్చడం వైద్యుల పని.

పిలిచి మాట్లాడండి

అన్నిటికంటే కష్టమైనదీ, సరిగా చేస్తే అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేదీ ఇదే. అందరూ చూస్తుండగా క్యాబిన్‌లోకి పిలిస్తే, ఏం తప్పు చేశాడోనని బయట గుసగుసలు మొదలవుతాయి. అందుకే డ్యూటీ ముగిసే వేళ, తీరిక ఉన్నప్పుడు, ఫోన్ పక్కన పెట్టి మాట్లాడండి. "ఏమప్పా, రెండు వారాలుగా చూస్తా ఉన్నా, నువ్వు మునుపటి మాదిరిగా లేవు. రాత్రుళ్లు నిద్ర పడతా ఉందా? పనిలో ఏమన్నా ఇబ్బందిగా ఉందా?" అని మీరు చూసిన దానితోనే మొదలుపెట్టండి. వెంటనే జవాబు రాకపోతే ఆ మౌనాన్ని మీ మాటలతో నింపకండి. చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతం చేయకుండా, "ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు రా" అని చెప్పి, నాలుగు రోజుల తర్వాత మీరే మళ్లీ పలకరించండి. మహిళా ఉద్యోగి మరో మహిళతో మాట్లాడటానికే ఇష్టపడితే ఆ ఏర్పాటు చేయండి.

"ఇవి అందరికీ ఉండేవే", "నీకంటే కష్టాల్లో ఉన్నోళ్లు లేరా" వంటి మాటలు ఓదార్పుగా అన్నవే అయినా, వినే మనిషి నోరు మూసేస్తాయి. మన ప్రాంతంలో మరో మాట కూడా తరచూ వినిపిస్తుంది: "కొండకు పోయి దండం పెట్టుకుని రా, అంతా సర్దుకుంటుంది." దర్శనంతో మనసు కుదుటపడే మనిషికి ఆ సెలవు తప్పక ఇవ్వండి. కానీ నిద్ర, తిండి మానేసి వారాల తరబడి నలిగిపోతున్న మనిషికి వైద్యం కూడా కావాలి, ఆ రెంటికీ పోటీ లేదు.

మాట్లాడిన తర్వాత ఏదో ఒకటి మారాలి. రెండు మూడు వారాల పాటు రాత్రి డ్యూటీ తప్పించడం, కౌంటర్ నుంచి లోపలి పనికి మార్చడం, ఆస్పత్రికి వెళ్లే రోజు జీతం కోయకుండా పూట అనుమతి ఇవ్వడం వంటివి ఆ ఉద్యోగిని అడిగే నిర్ణయించండి. అడగకుండా చేసిన మార్పు శిక్షలా అనిపించవచ్చు.

వైద్యసాయానికి దారి చూపండి

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును నోటీసు బోర్డు మీదే కాకుండా, ఎవరి కంటా పడకుండా రాసుకునే వీలున్న విశ్రాంతి గదిలో కూడా అంటించండి. నేరుగా వైద్యులను కలవాలనుకునే వారికి తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ వైద్య బీమా ఇవ్వాలని చెబుతోంది. కాబట్టి సిబ్బంది గ్రూపు బీమాను పునరుద్ధరించే ముందు ఆ పత్రాన్ని ఒకసారి చదివి, ఆ అంశం ఉందో లేదో చూసుకోండి.

ఎవరైనా బతకాలని లేదన్నట్టుగా మాట్లాడితే దాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. "చనిపోవాలన్న ఆలోచన వస్తా ఉందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఇంటికి ఒంటరిగా పంపకండి. ఆ మనిషి నమ్మే ఇంటివారిని పిలిపించి, 14416కు ఫోన్ చేయండి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి, లేదా వెంటనే ఆస్పత్రికి తోడు వెళ్లండి.

మాట బయటికి పోనివ్వకండి

సత్యవేడు, సూళ్లూరుపేట వైపు నుంచి శ్రీసిటీ పారిశ్రామికవాడకు ఒకే బస్సులో వచ్చేవాళ్లలో సగం మంది ఇరుగుపొరుగు ఊళ్ల వాళ్లో, బంధువులో అయి ఉంటారు. ఆఫీసులో జారిన మాట మనిషి కంటే ముందే ఇల్లు చేరుతుంది, పెళ్లి సంబంధాల దాకా పోతుంది. సెలవు రిజిస్టర్‌లో "అనారోగ్యం" అన్న ఒక్క మాట చాలు. చికిత్స చీటీ చూడవలసిన అవసరం ఉంటే ఒక్కరే చూడాలి, తాళం వేసిన బీరువాలో పెట్టాలి. సెలవు నుంచి తిరిగి వచ్చిన ఉద్యోగిని అందరి ముందు పరామర్శించకుండా, మొదటి వారం తేలికైన పని ఇవ్వండి.

సూపర్‌వైజర్లకు ఇవన్నీ చెప్పే యజమాని, తాను రాత్రి రెండింటికి వాట్సాప్ గ్రూపులో ఆదేశాలు పంపడం మానుకోవాలి, తన సెలవు తాను తీసుకోవాలి. చివరగా, రద్దీ ముగిసిన వారంలోపే, జ్ఞాపకాలు పచ్చిగా ఉన్నప్పుడే, సిబ్బందిని కూర్చోబెట్టి ఏ రోజు ఎక్కువ నలిగారో, ఎక్కడ మరో మనిషి ఉంటే బాగుండేదో అడగండి. వాళ్లు చెప్పిన వాటిని రాసి, వచ్చే ఏడాది చార్ట్ వేసే ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి.