ఆరుబయట కుర్చీ – మూడో పాఠం: పక్క చట్రాలు

కిందటి పాఠంలో చెప్పిన కోతలు అయిపోయి ఉండాలి. ఒక కుర్చీకి 23 అంగుళాల కాళ్లు నాలుగు, 24 అంగుళాల పక్క పట్టెలు నాలుగు. అన్నీ మూడూ-ఒకటిన్నర సైజు వేప పట్టెలే. చిత్రిక పట్టాక వెడల్పు రెండూ ముప్పావు దగ్గర, మందం ఒకటిన్నరకు కొంచెం లోపల తేలుతుంది. కాళ్లు నాలుగూ పక్కపక్కన నిలబెట్టి పైతలల మీద అరచేయి రాయండి. ఎక్కడైనా అంచు తగిలితే ఆ కాలిని ఇప్పుడే సరిచేసుకోండి. పట్టెలు మాత్రం కావాలనే పొడుగ్గా కోయమన్నాను. ఎందుకో ఈ పాఠంలోనే తేలుతుంది.

వడ్రంగం చేతికొచ్చిన ఆచారి అయితే కుసులు (బెజ్జంలో దూరే కొసలు) చెక్కి, బెజ్జాలు తొలిచి, నాలుగు కాళ్లనూ నిలబెట్టే బిగిస్తాడు. ఆ పనికి ఉలి మాట వినాలి. మనకింకా వినదు. కాబట్టి కుర్చీని ఎడమ పక్క, కుడి పక్క అని రెండుగా విడదీసి చేస్తాం. ఒక్కో పక్కకు రెండు కాళ్లు, రెండు పట్టెలు. నేల మీద పడుకోబెట్టి చేసే చట్రం ఇది. నిలబెట్టి బిగించేటప్పుడు దాగిపోయే వంకర, పడుకోబెడితే దాగదు.

నేల చదునుగా ఉండాలి. మన కడపలో చాలా ఇళ్ల ముందు బండలు పరిచిన అరుగు ఉంటుంది, అది చాలు. కాకపోతే బండకూ బండకూ మధ్య ఎత్తుపల్లాలుంటాయి. వంకర లేని పట్టె ఒకటి పెట్టి, కింద నుంచి వెలుతురు ఎక్కడ వస్తోందో వంగి చూడండి. ఒకే మందం ఉన్న పనికిరాని పలక ముక్కలు నాలుగు తెచ్చి కాళ్ల కింద పెట్టుకోండి. డ్రిల్లు బిట్టు అవతలికి దిగినప్పుడు బండకు కొట్టుకోదు, కాలి అడుగుభాగం పెచ్చులు లేవదు.

ఇప్పుడు అమరిక. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఒక చట్రం చేసి, దాన్ని చూస్తూ అచ్చం అలాగే రెండోది చేస్తారు. నిలబెట్టి చూస్తే రెండూ ఎడమ కాలి చెప్పులే! పట్టెలు కాళ్లకు లోపలివైపు రావాలి కాబట్టి రెండు చట్రాలూ అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా ఉండాలి. అందుకని రెండింటినీ ఒకేసారి పరుచుకోండి. కాళ్ల పైతలలు మీకు దూరంగా, అడుగులు మీవైపు. ముందు కాళ్లు రెండూ మధ్యలో పక్కపక్కన, వెనక కాళ్లు చెరో చివర. మీకు కనబడుతున్నదంతా లోపలివైపే. ప్రతి కాలి మీదా పెన్సిలుతో 'ఎడమ ముందు', 'ఎడమ వెనక' అని రాయండి. సిగ్గుపడాల్సిన పనేమీ కాదు, పాత మేస్త్రీలు కూడా గుర్తులు పెట్టుకునే చేస్తారు.

ఒక్కో చట్రంలో కాళ్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు 22 అంగుళాలు. ముందు కాలి మీద అడుగు నుంచి 15 అంగుళాల దగ్గర, వెనక కాలి మీద 13 అంగుళాల దగ్గర గీతలు గీయండి. పై పట్టె పై అంచు ఈ రెండు గీతల మీద కూర్చుంటుంది. దాని మీద అంగుళం మందం పలకలు వస్తే ముందు ఎత్తు 16 అంగుళాలవుతుంది. మోకాళ్లు పైకి లేవకుండా, పాదాలు నేలకు ఆనేలా కూర్చోవడానికి అది సరిపోతుంది. వెనక్కి ఆ రెండంగుళాల వాలు ఎందుకంటే, చదునుగా ఉన్న చెక్క మీద కాసేపు కూర్చుంటే మనిషి ముందుకు జారుతూనే ఉంటాడు. వాలు ఉంటే వీపు దానంతటదే వెనక్కి ఆనుతుంది. ఇంతకన్నా ఎక్కువ వాలు పెడితే హాయిగానే ఉంటుంది కానీ, ఇంట్లో పెద్దవాళ్లుంటే లేవడానికి చేయూత కావాలి. కింది పట్టెకు వాలు అక్కర్లేదు. దాని కింది అంచు రెండు కాళ్ల మీదా 4 అంగుళాల ఎత్తులో ఉంటే చాలు.

పట్టెలు పరిచాక ఎదురు మూలలు కొలవండి. ముందు కాలి పైమూల నుంచి వెనక కాలి కిందిమూలకు ఒక కొలత, వెనక కాలి పైమూల నుంచి ముందు కాలి కిందిమూలకు ఇంకోటి. రెండూ ఒకటైతే చట్రం మూలమట్టానికి ఉన్నట్టే. మన కొలతలకు 32 అంగుళాలకు కాస్త తక్కువే వస్తుంది. ఎంత వచ్చిందన్నది ముఖ్యం కాదు, రెండూ సమానంగా రావడం ముఖ్యం. ఒకటి ఎక్కువొస్తే ఆ రెండు మూలలనూ దగ్గరికి నొక్కి మళ్లీ కొలవండి. సరిపోయాక క్లాంపులు బిగించేయండి.

పట్టె కాలి మీద పడే ప్రతి చోటా ఒక బోల్టు, ఒక స్క్రూ. బోల్టు 8 మిల్లీమీటర్లది, మూడున్నర అంగుళాల పొడవు, గుండు తల. స్క్రూ 10 నంబరు, రెండున్నర అంగుళాలు. బరువు మోసేది బోల్టు. కానీ ఒక్క బోల్టు మీద పట్టె తిరగగలదు, దాన్ని తిరగనివ్వకుండా పట్టేది స్క్రూ. రెండింటినీ ఒకే నారగీత మీద పెట్టొద్దు, చెక్క ఆ గీత వెంబడే చీలుతుంది. బోల్టు పైమూలకు, స్క్రూ దానికి ఎదురు కిందిమూలకు, అంచుల నుంచి ముప్పావు అంగుళం లోపలికి. జిప్సం బోర్డులకు కొట్టే నల్ల స్క్రూలు చవగ్గా దొరుకుతాయి గానీ ఆరుబయట కుర్చీకి పనికిరావు. తుప్పు పడతాయి, గట్టి కొయ్యలో తల తెగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి.

వేప చేవలో డ్రిల్లు పెట్టేటప్పుడు తొందర పనికిరాదు. దాని నార ఒక వరస అటు, ఒక వరస ఇటు మెలిపడి ఉంటుంది. ముందు 3.5 మిల్లీమీటర్ల బిట్టుతో స్క్రూ దిగేంత లోతు బెజ్జం వేయండి. తరవాత 5 మిల్లీమీటర్ల బిట్టుతో, కాలి మీదున్న పట్టె మందం వరకే వెడల్పు చేయండి. అప్పుడు స్క్రూ మర ఆ పట్టెను పట్టుకోకుండా, కింది కాలినే పట్టి లాగుతుంది. అర అంగుళం దిగగానే బిట్టును బయటికి తీసి పొట్టు రాల్చండి. రాల్చకపోతే పొట్టు గాడుల్లో ఇరుక్కుని బిట్టు కాలుతుంది. ముందు సన్నగా పొగ, ఆ వెంటనే మాడు వాసన. పొట్టు పలచని గోధుమ రంగులో వస్తున్నంత సేపు సరే. నల్లబడిందంటే ఆపి, బిట్టు చల్లారనివ్వండి. వేప దుమ్ము ముక్కులోకి పోతే గొంతు దాకా చేదు, తుమ్ములు. మూతికి తువ్వాలు కట్టుకోండి. స్క్రూ మరకు కొవ్వొత్తి రుద్దితే సులువుగా దిగుతుంది. కొందరు సబ్బు రుద్దుతారు, అది చెమ్మను పీల్చి తుప్పు తెస్తుంది.

స్క్రూలన్నీ దిగాక ఎదురు మూలలు మళ్లీ కొలిచి, అప్పుడే బోల్టు బెజ్జాలు వేయండి. బిట్టు నిటారుగా దిగుతోందా లేదా అన్నది పక్కన మూలమట్టం నిలబెట్టి చూసుకోవచ్చు.

కాలు ఏదైనా చీలితే కొత్తది టింబర్ డిపోలో బిల్లుతో కొనండి. ఎవరో ఎర్ర కొయ్య చవగ్గా ఇస్తామంటే చేయి కూడా పెట్టొద్దు. లంకమల, పాలకొండల అడవుల చుట్టూ ఉన్న ఊళ్లలో ఇలాంటి మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. పర్మిట్ లేని ఎర్రచందనం ఇంట్లో ఉంటే కుర్చీ సంగతి తరవాత, కేసు ముందు.

పట్టెలు పొడుగ్గా ఎందుకు ఉంచామో ఇప్పుడు చూడండి. పై పట్టె వాలుగా ఉంది కాబట్టి దాని చివర కాలి అంచుకు సమంగా రావాలంటే కోత కూడా కాస్త వాలుగా ఉండాలి. ఆ కోణాన్ని లెక్కకట్టే పని లేదు. చట్రాన్ని కొంచెం ఎత్తి చూస్తూ కాలి బయటి అంచు వెంబడే పట్టె అడుగున పెన్సిలు గీయండి. చట్రం విప్పి, ఆ గీత మీద రంపం పెట్టండి.

విప్పాం కాబట్టి నూనె పట్టించే పని ఒకటి ఇప్పుడే చేయాలి. కాలూ పట్టే ఒకదానికొకటి ఆనే చోటికి తరవాత బ్రష్షు చేరదు, వాన నీళ్లు మాత్రం చేరతాయి. పెయింట్ల షాపులో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ అడగండి, అంటే మరగబెట్టిన అవిసె నూనె. ఆనే ముఖాలు, బోల్టు బెజ్జాల లోపల, కోసిన తలలు, కాళ్ల అడుగులు తడపండి. కోసిన తలలు గొట్టాల కట్ట, ఎంత పోసినా తాగుతాయి. తాగడం ఆపేదాకా పట్టించండి. పావుగంట తరవాత మిగిలింది గుడ్డతో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి.

ఆ గుడ్డను ఉండ చుట్టి మూలన పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది. ఉండలో ఆ వేడికి బయటికి దారి ఉండదు, గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. కడప మే నెల ఎండల్లో ఇది ఇంకా దగ్గరి ప్రమాదం. తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి పెట్టండి. ఈ పాఠంలో మిగతావన్నీ అటూ ఇటూ చేసినా పోయేదేం లేదు, ఇది మాత్రం చెప్పినట్టే చేయండి.

మర్నాడు తిరిగి బిగించండి. స్క్రూలు ముందు, బోల్టులు తరవాత. బోల్టు తల కాలికి బయటివైపు, నట్టు లోపలివైపు, నట్టు కింద వాషరు. గుండు తల కింద చదరపు మెడ ఉంటుంది, అది చెక్కలోకి దిగాలి. సుత్తితో చిన్నగా కొడుతూ దించండి, ఒకే దెబ్బకు దించబోతే కాలు చీలుతుంది. నట్టు దాటి మిగిలిన మరను హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో నున్నగా చేయండి. పిల్లల చేతులు తగిలే చోటు అది.

ఈ అతుకులో జిగురు ఎందుకు లేదని అడగొచ్చు. మెరైన్ జిగురు నీళ్లకు ఆగుతుంది, నిజమే. కానీ ఇక్కడ కాలి నార నిలువు, పట్టె నార అడ్డం. కొయ్య పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో కొన్న కొయ్య ఏప్రిల్‌కల్లా సన్నబడి నట్లు వదులవుతాయి. అప్పుడు స్పానరుతో ఒక చుట్టు తిప్పితే సరి. జిగురు పెడితే ఆ కదలికకు జిగురో చెక్కో ఏదో ఒకటి విడిపోవాలి. పైగా పదేళ్లకు ఒక కాలు చెడినా అదొక్కటే మార్చుకోవచ్చు.

రెండు చట్రాలనూ లోపలి ముఖాలు ఎదురెదురుగా నిలబెట్టి, ముందు కాళ్లు ఒకే వైపు ఉన్నాయా, పై పట్టెలు రెండూ వెనక్కే వాలాయా చూడండి. చట్రం పైమూల పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే కీచుమనకూడదు.

వచ్చే పాఠానికి 21 అంగుళాల అడ్డ పట్టెలు మూడు కోసి పెట్టుకోండి, ఇదే సైజువి. ఒకటి ముందు, ఒకటి వెనక, మూడోది వీపు పలకలకు. కూర్చునే పలకలు మాత్రం ఇప్పుడే కోయొద్దు. వాటి పొడవు కాగితం మీంచి కాదు, నిలబడ్డ కుర్చీ మీంచే కొలుస్తాం.