పిస్టన్ పంపు మోడలింగ్ – 4వ పాఠం: రెండు వాల్యూమ్‌ల గొడవ, తర్వాత కాంపెన్సేటర్

పోయిన పాఠంలో పంపు ప్రెజర్‌ని చిన్న చిన్న కాలపు స్టెప్పుల్లో లెక్కించే ప్రోగ్రామ్ రాశాం. ఆ తర్వాత భీమవరం నుంచి ఒకరు, అమలాపురం నుంచి ఇద్దరు దాదాపు ఒకే మెసేజ్ పెట్టారు. "మాస్టారూ, ప్రెజర్ మొదటి స్టెప్పులో 4,200 బార్, రెండో స్టెప్పులో మైనస్ 13,800, ఆ తర్వాత అంకెలే రావట్లేదు." ఈ రెండు అంకెలు చూడగానే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. అందుకే ఈ రోజు కాంపెన్సేటర్‌కి, అంటే ప్రెజర్ పెరిగితే పంపు ప్రవాహాన్ని తానే తగ్గించే అమరికకి, వెళ్లే ముందు ఆ తప్పు సంగతి తేల్చేద్దాం.

మన పంపుకి 9 పిస్టన్లు, పిస్టన్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, అవి కూర్చునే వృత్తం వ్యాసం 80, స్వాష్ ప్లేట్ (పిస్టన్లని ముందుకూ వెనక్కీ నడిపే వాలు పలక) గరిష్ఠ కోణం 18 డిగ్రీలు. స్ట్రోక్ 26 మిల్లీమీటర్లు వస్తుంది, ఒక్క చుట్టుకి 73.5 సీసీ, 1,800 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 132 లీటర్లు. డిగ్రీల్ని రేడియన్లుగా మార్చడం లాంటివి మళ్లీ చెప్పను.

ప్రెజర్ సమీకరణంలో బల్క్ మాడ్యులస్‌ని (ఆయిల్ కుదించడానికి ఎంత మొండికేస్తుందో చెప్పే అంకెని) వాల్యూమ్‌తో భాగిస్తాం కదా, అక్కడ మీరు పెట్టింది ఆ 73.5 సీసీ. అది కాదు. అక్కడ ఉండాల్సింది పంపు అవుట్‌లెట్ నుంచి వాల్వ్ దాకా గొట్టాల్లో నిండి ఉన్న ఆయిల్, మన లెక్కలో 1 లీటరు. ఈ తప్పు నన్ను ఏళ్ల తరబడి విసిగిస్తోంది, ఎందుకంటే రెండింటికీ ఒకే అక్షరం "వి" వాడతారు, యూనిట్లు కూడా అడ్డుపడవు, ప్రోగ్రామ్ నోరెత్తదు. గూడ వేయడం, అంటే తాళ్లు కట్టిన బుట్టతో నీళ్లు తోడి మడిలో పోయడం, చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గూడలో ఒక్క ఊపుకి ఎన్ని నీళ్లు వస్తాయన్నది ఒక సంగతి, ఆ నీళ్లు పడే మడి ఎంత పెద్దదన్నది ఇంకో సంగతి. నీటిమట్టం ఎంత వేగంగా లేస్తుందో మడిని బట్టే ఉంటుంది, చిన్న బోదెలో పోస్తే వెంటనే పొర్లుతుంది, ఎకరం మడిలో పోస్తే తెలియనే తెలియదు. 73.5 సీసీ గూడ, 1 లీటరు మడి. మీరు మడి స్థానంలో గూడని పెట్టారు, అందుకే ప్రెజర్ 13.6 రెట్లు వేగంగా ఎగిరింది. నేనైతే ప్రోగ్రామ్‌లో "వి" అన్న పేరే పెట్టను, "చుట్టుకి_సీసీ", "గొట్టం_ఆయిల్" అని పొడుగ్గా రాసుకుంటాను.

ఇంకోటి, నేనిచ్చిన 10 మిల్లీసెకన్ల స్టెప్పు కూడా పెద్దదే. బల్క్ మాడ్యులస్ 14,000 బార్, 1 లీటరు ఆయిల్, బయటికి ఇంకా ఏమీ పోవట్లేదు, అలాంటప్పుడు 132 లీటర్ల ప్రవాహం ఒక్క స్టెప్పులో 309 బార్ పెంచేస్తుంది. ఇకనుంచి 0.1 మిల్లీసెకను వాడండి. ఆరిఫిస్ (ఆయిల్ బయటికి పోయే సన్నటి దారి, మన లెక్కలో ఆ వాల్వే) ప్రవాహంలో వర్గమూలం లోపల ప్రెజర్ మైనస్‌లోకి పోయినా లెక్క ఆగకుండా, గుర్తుని బయట పెట్టి లోపల పరిమాణం మాత్రమే ఉంచండి.

ఇప్పుడు కాంపెన్సేటర్. చేపల చెరువు తవ్వే పొక్లెయిన్ బకెట్ బంకమట్టిలో ఇరుక్కుందనుకోండి. ఆయిల్ వెళ్లే దారి మూసుకుపోతుంది. స్థిర డిస్ప్లేస్‌మెంట్ పంపయితే (చుట్టుకి వచ్చే సీసీ మారనిది) ఆ 132 లీటర్లూ రిలీఫ్ వాల్వ్ గుండా, అంటే ప్రెజర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకుకి వదిలేసే వాల్వ్ గుండా, పోవాల్సిందే, 200 బార్ దగ్గర అది 44 కిలోవాట్లు, అంతా వేడి కిందే పోతుంది. కోణం మారే పంపులో ప్రెజర్ పెరగగానే ప్లేట్ నిటారు వైపు తిరిగి స్ట్రోక్ తగ్గిపోతుంది.

మోడల్‌లో దీనికి రెండు వాక్యాలు చాలు. ప్రెజర్ 190 లోపు ఉంటే కోరే కోణం 18, 200 దాటితే 0, మధ్యలో సరళరేఖ. ప్లేట్ ఆ కోణాన్ని వెంటనే అందుకోదు, 50 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్‌తో (అంతసేపట్లో తేడాలో దాదాపు మూడింట రెండొంతులు పూడుతుంది) వెంటపడుతుంది. ప్లేట్‌ని తిప్పే లోపలి సర్వో పిస్టన్, స్ప్రింగ్, స్పూల్ అన్నీ విడివిడిగా రాయమని కొందరు అంటారు, మొదటిసారి అవసరం లేదు. లీకేజీ కూడా ప్రస్తుతానికి సున్నా.

ఆరిఫిస్‌ని 150 బార్ దగ్గర 132 లీటర్లూ పోయేలా పెట్టి, అంతా కుదురుకున్నాక దాని వైశాల్యం ఒక్కసారిగా సగం చేయండి. కాంపెన్సేటర్ లేకపోతే ప్రెజర్ 600 బార్‌కి వెళ్తుంది, వైశాల్యం సగమైతే అదే ప్రవాహానికి నాలుగింతలు కావాలి కాబట్టి. కాంపెన్సేటర్ ఉంటే చివరికి 194 బార్, పదిన్నర డిగ్రీలు, 75 లీటర్ల దగ్గర ఆగుతుంది. మధ్యలో మాత్రం 300 బార్‌కి దగ్గరగా ఎగిరి, కిందికి జారి, సెకనుకి 40 సార్ల లెక్కన ఊగుతూ నెమ్మదిస్తుంది. ఆ ఊగిసలాట చూసి ప్రోగ్రామ్ తప్పని టెన్షన్ పడొద్దు. ప్లేట్ కదిలేలోపు గొట్టంలోకి అదనపు ఆయిల్ చేరిపోతుంది, కాంపెన్సేటర్ ఉన్నా రిలీఫ్ వాల్వ్ తీసేయకపోవడానికి కారణం ఇదే.

అభ్యాసం: 230 బార్‌కి తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ జత చేయండి. ఆ తర్వాత 190–200 పట్టీని 160–200 చేసి ఊగడం ఎంత తగ్గిందో, బదులుగా చివరి ప్రెజర్ ఎంత పడిపోయిందో రెండూ రాసి పంపండి. చివరగా బల్క్ మాడ్యులస్‌ని 7,000 బార్‌కి తగ్గించి మళ్లీ నడపండి, ట్యాంకులో ఆయిల్ తగ్గి గాలి కలిసిన మెషీన్ అనుకోండి. గ్రాఫ్‌లు ఒకదాని మీద ఒకటి వేసి పంపితేనే చూస్తాను.