కొండమీది ప్రసంగం: ఇరవై ఎనిమిది రోజుల నోటుబుక్కు

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటగానే వాగ్దాన కార్డు, అంటే దేవుడి వాగ్దానంగా ఒక బైబిలు వచనం అచ్చేసిన కార్డు, తీసుకోవడం చాలా చర్చిల్లో ఉన్నదే. ఆ కార్డు ఏడాది పొడుగునా బీరువా అద్దానికి అంటుకుని ఉంటుంది. వాగ్దానాల కార్డులు కట్టలు కట్టలు అచ్చవుతాయి గానీ ఆజ్ఞల కార్డు అచ్చేయించినవాళ్లు కనపడరు. అదే రాత్రి కొందరు ‘ఈ ఏడాది బైబిలంతా చదివేస్తాం’ అని కూడా తీర్మానం చేసుకుంటారు. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే సరిపోతుంది. ఆదికాండం 50, నిర్గమకాండం 40 బాగానే సాగుతాయి. జనవరి నెలాఖరుకు లేవీయకాండంలోని బలుల దగ్గర బండి ఆగిపోతుంది. ఇంకాస్త ఓపిక పట్టి ఉంటే అదే పుస్తకం 19వ అధ్యాయంలో కూలి డబ్బులు, తూకపు రాళ్లు, పొలం మూలల్లో పరిగె ఏరుకునే పేదల గురించి చదివేవాళ్లు. మన పల్లెలకు అంత దగ్గరైన అధ్యాయం ఇంకోటి లేదు.

అందుకని ముందు చిన్నది తీసుకోండి. మత్తయి సువార్త 5, 6, 7 అధ్యాయాలు, అంటే కొండమీది ప్రసంగం. వచనాలు 48, 34, 29, మొత్తం 111. రోజుకు నాలుగు చొప్పున సరిగ్గా 28 రోజులు పడుతుంది, చివరి రోజు మూడే మిగులుతాయి. సోమవారమే మొదలుపెట్టండి, ఎందుకో కింద తెలుస్తుంది.

కావలసింది ఒక బైబిలు, ఒక పెన్ను, ఒక రూళ్ల నోటుబుక్కు. పేజీని నిలువునా మూడు గళ్లు చేయండి: వచనం, మనిషి పేరు, గడువు. పొద్దున పొయ్యి వెలిగించక ముందో, పొలానికి పోకముందో పది నిమిషాలు చాలు. నాలుగు వచనాలూ పైకి చదవండి, కళ్లతో చదివితే తెలిసిన మాటలన్నీ జారిపోతాయి. రెండోసారి చదివేటప్పుడు ‘చెయ్యి’, ‘చెయ్యొద్దు’ అన్న మాట ఎక్కడుందో చూసి దాని కింద గీత గీయండి. ఆ గీతను ఒక మనిషికీ ఒక వేళకూ ముడిపెట్టి రాయండి. ‘అందరినీ ప్రేమించాలి’ అని రాస్తే ఆ రోజు పని జరగనట్టే, ఆ మాటకు పేరూ లేదు, గడువూ లేదు. ‘పాలు పోసే ఆమెకు పోయిన నెల బాకీ 640, రేపు పొద్దున పాలకొచ్చినప్పుడు’ అనేది పనికొచ్చే రాత. రాత్రి పడుకోబోయే ముందు చేసినదానికి టిక్కు పెట్టండి, చేయనిది మర్నాటికి మార్చి రాయండి. ఒకే పేరు మూడు రోజులు వరసగా మారుతుంటే అసలు సంగతి అక్కడే ఉందన్నమాట.

మొదటి మూడు రోజులు ధన్యతలు, అంటే ‘ధన్యులు’ అని యేసు చెప్పిన మాటలు. వాటిలో చేయమన్న పని పెద్దగా కనపడదు, గళ్లు ఖాళీగా ఉండిపోతాయి. ఆ మూడు రోజులూ ఆ వచనాల్లోని మనుషులు మీ వీధిలో ఎవరో వెతకండి. మొదటి రోజు నాలుగో వచనం దుఃఖపడేవాళ్ల గురించి. ఈ నెలలో చావు జరిగిన ఇల్లు ఏది? అన్నమో పాలో పట్టుకుని వెళ్లి అరగంట కూర్చోండి. ‘దేవుడికి ఇష్టమైనవాళ్లనే ముందు తీసుకుపోతాడు’ లాంటి మాటలు వద్దు. దినం అయిపోయాక, చుట్టాలు వెళ్లిపోయాక పదో పదిహేనో రోజున వెళ్తే ఇంకా మంచిది, అప్పటికి ఆ ఇంటి గడప తొక్కేవాళ్లు ఉండరు.

ఆరో రోజుకు 21 నుంచి 24 వచనాలు వస్తాయి. కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు పోయి సహోదరుడితో సమాధానపడమన్న చోటు అది. సోమవారం మొదలుపెడితే ఆ రోజు శనివారం అవుతుంది. మర్నాడే ఆదివారం, మీ చర్చిలో అది రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారపు ఆదివారం కూడా అయితే మరీ మంచిది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. వచనం చెప్పేది మీకు ఎవరి మీద కోపముందో కాదు, మీ మీద ఎవరికి కోపముందో. తప్పు ఎదుటివాడిదైతే ఏం చేయాలో మత్తయి 18:15–17లో ఉంది: ముందు ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. రెండు అధ్యాయాలూ కలిపి చూస్తే తప్పు ఎవరిదైనా ముందు కదలాల్సింది మీరే.

పల్లెల్లో ఈ వరస తలకిందులవుతుంది. ముందు సంఘమంతటికీ తెలుస్తుంది, తర్వాత పెద్దమనుషులకు, అసలు మనిషికి ఆఖరున. దానికి ‘ఫలానా వాళ్ల కుటుంబం కోసం ప్రార్థన చేయండి’ అన్న ముసుగు కూడా ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ప్రార్థన మనవి సగం సార్లు చాడీయే.

వెళ్లినప్పుడు మాట పొట్టిగా ఉండాలి. ‘వదినా, ఆ రోజు బోరింగు దగ్గర నలుగురిలో నేనన్న మాట తప్పు’ అంటే చాలు. ‘నా వల్ల తప్పు జరిగి ఉంటే’ అన్నారంటే ఆ ‘ఉంటే’ మొత్తం చెడగొడుతుంది. ‘నువ్వు కూడా’ అనే మాటా అంతే. ఎదుటివాళ్లు తలుపేసుకుంటే గొడవ పెట్టుకోకుండా వచ్చేయండి, నోటుబుక్కులో టిక్కు పెట్టుకోవచ్చు. వెళ్లడం వరకే మీ వంతు.

ఈ పద్ధతి చెల్లని చోటు ఒకటుంది. కొట్టే భర్త దగ్గరికో, పిల్లల మీద చెయ్యి వేసినవాడి దగ్గరికో ‘ఒంటరిగా వెళ్లి సమాధానపడు’ అని ఏ కాపరీ, ఏ పెద్దమనిషీ చెప్పకూడదు. క్షమించడం వేరు, ఆ ఇంట్లోనే ఉండి దెబ్బలు తినడం వేరు. ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098, ప్రాణం మీదికొస్తే 112. ముందు ఫోను, ప్రార్థన తర్వాతైనా చేసుకోవచ్చు.

పదమూడో రోజు, మళ్లీ శనివారమే, 6వ అధ్యాయం మొదలు. ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదంటాడు యేసు. కానుకలిచ్చినవాళ్ల పేర్లు మైకులో చదివే అలవాటుకు ఈ నాలుగు వచనాలు పక్కన పెట్టి చూడండి. మీ పేరు చదవొద్దని పాస్టరు అయ్యగారికి ముందే చెప్పండి.

దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు కానుక, లెక్క జీతగాళ్లకు తేలిక, రైతుకే చిక్కు. పంట అమ్మితే 1,20,000 వచ్చిందనుకుందాం. విత్తనం, ఎరువు, దుక్కి, కూలి, కౌలు కలిపి 80,000 అయితే మిగిలింది 40,000, అందులో పదోవంతు 4,000. మొత్తం రాబడి మీదే ఇవ్వాలనేవాళ్లూ ఉన్నారు గానీ, అప్పు చేసి కానుక ఇవ్వడం మాత్రం ఏ లెక్కన చూసినా సరికాదు. రోజు కూలి చేసుకునే ఇంటికి గుప్పెడు బియ్యం పద్ధతి బాగుంటుంది. వండేటప్పుడల్లా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు వేరే డబ్బాలో వేయడం. గుప్పెడు ఇంచుమించు 40 గ్రాములు. రెండు పూటలా వేస్తే నెలకు దాదాపు రెండున్నర కిలోలవుతుంది. ఒంటరిగా బతికే ముసలమ్మకు అవి కొన్నాళ్లు వస్తాయి. వర్షాకాలంలో ఆ డబ్బా మూత బిగుతుగా ఉండాలి. పురుగు పట్టిన బియ్యం ఇంకొకరికి ఇవ్వకండి.

కానుకల కన్నా ముందు చూసుకోవాల్సింది కూలి. పుదీనలో, సోపులో, జీలకర్రలో పదోవంతు ఇచ్చి న్యాయాన్ని గాలికొదిలేసినవాళ్లను యేసు ఎంత గట్టిగా తిట్టాడో మత్తయి 23:23లో ఉంది. కూలివాడి కూలి తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం, పొద్దుగూకక ముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండం చెబుతాయి. నాట్లకు పదిహేను మంది వస్తే ముందురోజే చిల్లర సిద్ధం చేసుకోండి. డబ్బంతా ముఠా మేస్త్రీ చేతిలో పెట్టి వెళ్లిపోతే ఆడకూలీలకు అది ఏ వారానికో చేరుతుంది. ఎవరిది వాళ్లకే ఇవ్వండి, ఫోన్‌పే ఉన్నవాళ్లకు గట్టు మీద ఉండగానే కొట్టండి. పొగాకు బ్యారన్ల (ఆకు ఆరబెట్టే కొట్ల) దగ్గర, రొయ్యల గుంటల దగ్గర ముందే అడ్వాన్సు ఇచ్చి పని చేయించుకునేవాళ్లు ఆ లెక్క కాగితం మీద రాసి నకలు పనివాళ్లకు ఇవ్వాలి. నోటిలెక్క ఎప్పుడూ యజమాని వైపే మొగ్గుతుంది. కాటా సంగతీ అంతే: తూకం తెలిసిన రాయి ఒకటి పెట్టుకుని రొయ్యలు పట్టే రోజు అందరి ఎదుటా ఒకసారి సరిచూపండి.

పాత మోసం గుర్తుకొస్తే మోషే ధర్మశాస్త్రంలో దానికీ లెక్క ఉంది, అసలు మీద ఐదోవంతు కలిపి ఇవ్వాలి. 5,000 ఎగ్గొట్టి ఉంటే 6,000 పట్టుకెళ్లండి. ఆ మనిషి పోయి ఉంటే వారసులకు ఇవ్వండి. ఆ డబ్బు చర్చి కానుకల్లో వేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఒంగోలు ప్రార్థన కొండ పేరు చెప్పగానే 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీలు జ్యూయెట్ దంపతులు కొందరు తెలుగు క్రైస్తవులతో అక్కడ మోకరించిన సంగతి అందరికీ గుర్తొస్తుంది. 1876–78 కరువులో అదే మిషనుకు చెందిన క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు పట్టి, ఆకలితో ఉన్నవాళ్లకు పనీ కూలీ చూపించింది అంతగా గుర్తు రాదు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

పదిహేనో రోజు యేసు నేర్పిన పరలోక ప్రార్థన. ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అన్న మాట నోటికొచ్చినా, దాన్ని నిజంగా అప్పుగా తీసుకునేవాళ్లు తక్కువ. మీకు బాకీ ఉన్నవాళ్ల పట్టీ తీయండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, నాలుగేళ్లు దాటితే అసలుకు సమానం. అసలు కట్టేసి వడ్డీతో ఈడుస్తున్న పేదవాడు పట్టీలో ఉంటే ఆ పేరు నోటుబుక్కులోకి ఎక్కించండి. మాఫీ చేయాలనుకుంటే నోటిమాటతో సరిపెట్టకండి, ప్రామిసరీ నోటు వాళ్ల చేతికే ఇచ్చి చింపించండి. లేదంటే రేపు మీ తదనంతరం మీ కొడుకులు దాన్ని తీసుకుని వాళ్ల గుమ్మం ఎక్కుతారు.

చివరి రెండు రోజులకు, తన మాటలు విని చేయనివాడికి యేసు పోలికగా చెప్పిన ఇసుక మీద కట్టిన ఇల్లు వస్తుంది. పెన్న వరదలు చూసినవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ రెండు రోజులూ కొత్త పేర్లు రాయకుండా పాత పేజీలు తిరగేయండి.

మధ్యలో జ్వరమొచ్చో, కోతలొచ్చో నాలుగు రోజులు తప్పితే ఒకేసారి పదహారు వచనాలు చదివి లెక్క సరిచేయాలని చూడకండి. ఆగిన చోటినుంచి నాలుగే చదవండి. శనివారాల వరస మారుతుంది, అంతే. ఇరవై ఎనిమిదో రోజు ఆదివారం అయ్యాక సోమవారం మళ్లీ మత్తయి 5:1 నుంచే మొదలుపెట్టండి. టిక్కు పడని పేర్లను కొత్త నెల మొదటి పేజీలో పైనే రాసుకోండి.