ఎకరం పొలం కొంటున్నారా? బయానా ఇచ్చే ముందు

• పాసుపుస్తకం జిరాక్స్ చూసి సరిపెట్టుకోవద్దు. సర్వే నంబరుతో ఆంధ్రలో మీభూమి, తెలంగాణలో భూభారతి పోర్టల్ మీరే చూసుకోండి.
• ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీయించండి. రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఏ నిషేధిత జాబితా కూడా చూడండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చినది) చవగ్గా వస్తోందంటే అనుమానించాల్సిందే.
• ఏజెన్సీలో (గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో) గిరిజనేతరులకు అమ్మకం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. బేరం దాకా వెళ్లొద్దు.
• అసలు గొడవంతా గట్టు దగ్గరే. కాగితం మీద ఎకరం, కొలిస్తే 96 సెంట్లు! సర్వేయర్‌తో కొలిపించి, పక్క రైతుల ఎదుటే హద్దురాళ్లు చూపించుకోండి. ట్రాక్టర్ ఎవరి పొలంలోంచి వెళ్లాలో అడగండి. "అందరూ అట్లాగే పోతారండీ" అంటాడు మధ్యవర్తి. దారి హక్కు దస్తావేజులో రాయించండి.
• పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలూ కావాలి.
• కౌలుదారు పంట పొలంలో ఉంటే, ఎప్పుడు ఖాళీ చేస్తాడో అగ్రిమెంటులో రాయించండి.