జీరంగి కాళ్లు ఎందుకు విరుగుతున్నాయి? క్లే పురుగుల నగల్లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

చిన్నప్పుడు సెలవులకు ఊరెళ్తే తుమ్మచెట్టు మీది జీరంగిని పట్టి అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్లం. కొన్ని ఊళ్లలో దాన్నే బంగారు పురుగు అంటారు. ఆ పచ్చటి మెరుపునే ఇప్పుడు చెన్నైలో మా వంటింటి బల్ల మీద పాలిమర్ క్లేతో (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్దతో), పూసలతో లోలాకులుగా, లాకెట్లుగా చేస్తున్నాను. ఈ ఊరికి ఆ మెరుపు కొత్త కాదు. 19వ శతాబ్దంలో మద్రాసులో నిజమైన జీరంగి రెక్కలనే మస్లిన్ బట్ట మీద కుట్టేవారు.

ఈ పనిలో తప్పు ఒకచోట జరిగితే అది బయటపడేది ఇంకోచోట. అందుకే కనిపించే లక్షణం నుంచి వెనక్కి వెళ్దాం.

కాళ్లు, మీసాలు పుటుక్కున విరిగిపోతున్నాయి

అందరూ ముందు "సన్నగా చేశాను కదా, అందుకే" అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని లావు చేశాను. అవీ విరిగాయి. అసలు కారణం క్లే సరిగా కాలకపోవడం. బాగా కాలిన క్లేని 2 మిల్లీమీటర్ల పట్టీగా చేసి, చల్లారాక వంచితే వంగుతుంది. వంచగానే బిస్కెట్ లాగా విరిగితే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

ఓటీజీ (కరెంటుతో పనిచేసే చిన్న ఓవెన్) మీటను 130 దగ్గర పెట్టినంత మాత్రాన లోపల 130 డిగ్రీలు ఉంటుందని నమ్మకండి. లోపల పెట్టే థర్మామీటర్ ఒకటి కొనండి. క్లే, పూసలు కొనే ముందే అది కొనమంటాను. నాది పెట్టి చూస్తే మధ్య అరలో 105, పై రాడ్ పక్కన 150 చూపించింది! 15 నిమిషాలు ముందే వేడి చేసి, మధ్య అరలో సిరామిక్ టైల్ మీద పెట్టి, పైన అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పండి. ప్యాకెట్ మీదున్న వేడినే పాటించాలి: ఫిమో బ్రాండ్ క్లే అయితే 110, స్కల్పీ ప్రీమో బ్రాండ్ అయితే 130 డిగ్రీలు. ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి కనీసం 30 నిమిషాలు. తక్కువ కాలిన వస్తువును మళ్లీ కాల్చవచ్చు, పాడవదు. మైక్రోవేవ్‌లో మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇంత చేసినా లోలాకు కాళ్లకు క్లే కంటే 24 గేజ్ (సుమారు అర మిల్లీమీటరు మందం) రాగి తీగే మేలు. ఆరు కాళ్లూ తలకూ పొట్టకూ మధ్యనున్న రొమ్ము భాగం నుంచే రావాలి, పొట్ట నుంచి కాదు. అక్కడ పొరపాటు చేస్తే ఎంత బాగా కాల్చినా అది పురుగులా కనిపించదు.

రంగు మాడింది, ఘాటు వాసన వస్తోంది

వేడి ఎక్కువైంది. వెంటనే ఓటీజీ ఆపి, కిటికీలన్నీ తీసి గదిలోంచి బయటికి వచ్చేయండి. ఈ క్లే పీవీసీతో చేసింది, మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మాడిన ముక్క ఇక పనికిరాదు, పారేయండి.

పూసల కళ్లు రాలిపోతున్నాయి

గాజు నున్నగా ఉంటుంది, క్లే దానికి అతుక్కోదు, పట్టుకుని ఉంటుందంతే. కాబట్టి పట్టు మనమే ఇవ్వాలి. సన్న తీగకు పూస గుచ్చి, రెండు కొసలూ మెలిపెట్టి, మెలిక చివర చిన్న కొక్కెంలా వంచి తలలోకి దించండి. పూస సగం దాకా మునగాలి. చుట్టూ ఒక చుక్క లిక్విడ్ క్లే రాసి కాల్చండి. ఇప్పటికే రాలిపోయిన కన్నయితే గుంటను సూదితో గీరి సూపర్ గ్లూతో అతికించండి.

కళ్లు రాలకుండా కరిగిపోయాయంటే అవి గాజువి కావు. చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు కొట్లలో గాజు, ప్లాస్టిక్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. పూసను చెంపకు ఆనించండి, గాజు చల్లగా తగులుతుంది. అనుమానంగా ఉంటే ఒక్క పూసను విడిగా కాల్చి చూశాకే మిగతావి వాడండి.

క్లే చేతికి జిగటగా అంటుకుంటోంది, వేలిముద్రలు పడుతున్నాయి

రోహిణీ కార్తె ఎండల్లో చెన్నైలో ఇది తప్పదు. క్లేని పలచగా చేసి రెండు తెల్లకాగితాల మధ్య కాసేపు ఉంచితే అదనపు నూనె కాగితానికి పట్టేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం గాలి చొరని కవర్‌లో పెట్టండి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి. వెంటనే విప్పితే క్లే మీద నీటి చెమ్మ పడుతుంది.

కాలాక లోపల తెల్లటి నెలవంక మచ్చలు

చిక్కుకున్న గాలి, తేమ. తూనీగ రెక్కలకు వాడే పారదర్శక క్లేలో ఇవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చెమట చేతులు తుడుచుకుంటూ పని చేయండి, పిసికేటప్పుడు మడతలో బుడగ పడనివ్వకండి. పడిన మచ్చ పోదు, మీద మైకా పౌడర్ (మెరిసే రంగు పొడి) వేసి కప్పాల్సిందే.

రెక్కల మీద పూత ఆరడం లేదు

గోళ్ల రంగు వేశారా? అందులోని ద్రావకం క్లేని మెత్తబరుస్తుంది. చాలాసార్లు ఆ ముక్క దక్కదు. త్వరగా గమనిస్తే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఉప్పు కాగితంతో రుద్ది చూడండి. ఇకపై నీటి ఆధారిత వార్నిష్ మాత్రమే వాడండి.

మెరుపు చీరకు అంటుకుంటోంది

జీరంగి మెరుపంతా మైకా పౌడర్‌దే. కాల్చక ముందు, రెండు రెక్కల మధ్య సూదితో గీత గీశాక, వేలికొసతో చిటికెడు పచ్చ పొడి రుద్దుతాం. గీతకు ఇరుపక్కలా కాంతి విరిగినట్టు మెరుపు లేస్తుంది, ఎన్నిసార్లు చేసినా నాకది ముచ్చటే. కానీ రుద్దిన పొడి అంతా క్లేకి పట్టదు. కాలాక మెత్తటి బ్రష్‌తో దులిపి, రెండు పలచటి పూతల వార్నిష్ వేయండి. చెమట పట్టే మెడ మీద వేసుకునే లాకెట్‌కైతే మూడు. మర్నాడు తెల్ల రుమాలుతో రెక్కను గట్టిగా తుడవండి. రుమాలుకు పచ్చ అంటకపోతే అప్పుడు కొక్కెం తగిలించండి.