స్వచ్ఛంద సంస్థ నడిపే ఉపాధి, ఆర్థిక సలహా కేంద్రంలో చేరడం ఎలా? ఏం ఆశించాలి, ఏం సిద్ధం చేసుకోవాలి?

ఉద్యోగం వెతుక్కోవడంలోనూ, వచ్చిన జీతాన్ని సర్దుకోవడంలోనూ ఉచితంగా సాయపడే స్వచ్ఛంద సంస్థలు తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో చాలానే ఉన్నాయి. కొన్ని దాతల విరాళాలతోనో, కంపెనీల సామాజిక బాధ్యత నిధులతోనో నడుస్తాయి. మరికొన్ని ప్రభుత్వ పథకాల కింద శిక్షణ ఇచ్చే భాగస్వాములుగా పనిచేస్తాయి. తెలంగాణలో ఈజీఎంఎం, ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ అనే రాష్ట్ర ప్రభుత్వ ఉపాధి సంస్థల ద్వారా అమలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ సంస్థలుగా కంపెనీలతో పాటు స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయి. కేంద్రం ఏదైనా అక్కడ జరిగే పని దాదాపు ఒకటే: మీ చదువు, ఇంటి పరిస్థితి తెలుసుకుంటారు, కొన్ని వారాలో నెలలో శిక్షణ ఇస్తారు, ఇంటర్వ్యూలకు పంపుతారు, జీతం, అప్పు, పొదుపు, బీమా విషయాల్లో సలహా చెబుతారు.

చేరేవారిలో ఎక్కువమంది ఉద్యోగ విభాగానికి పరుగెత్తుకు వెళ్లి, డబ్బు సలహా అనగానే మొహమాటపడి వెనక్కి తగ్గుతారు. ఉద్యోగం రావడానికి మొదటిది పనికొస్తే, వచ్చిన ఉద్యోగం మూడు నెలలు నిలబడడానికి రెండోది పనికొస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో డబ్బు సంగతులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

చేరేముందు అడగవలసినవి

ముందుగా ఫీజు సంగతి తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ రుసుమనో, యూనిఫాం డిపాజిట్ అనో, ఉద్యోగం వచ్చాక మొదటి జీతంలో వాటా అనో ఎవరైనా డబ్బు అడిగితే, అది దేనికో, తిరిగి ఇస్తారో లేదో రాతపూర్వకంగా అడిగి, రశీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకూడదు. సేవ ఉచితమని బోర్డు మీద రాసిన కేంద్రంలో మధ్యవర్తి ఎవరో డబ్బు అడిగాడంటే, లోపలికి వెళ్లి బాధ్యుడితోనే నేరుగా మాట్లాడడం మంచిది.

తర్వాత ఉద్యోగాల లెక్క అడగండి. ఎంతమందికి ఉద్యోగం ఇప్పించారన్న అంకె గోడ మీద ఫ్లెక్సీలోనే ఉంటుంది. కిందటి బ్యాచ్‌లో ఉద్యోగంలో చేరినవారిలో మూడు నెలల తర్వాత ఎంతమంది మిగిలారు, వారు ఏ పనుల్లో, ఏ ఊళ్లలో ఉన్నారు అన్నదే మీకు పనికొచ్చే ప్రశ్న. దీనికి సూటిగా జవాబు చెప్పగలిగిన కేంద్రాన్ని నమ్మవచ్చు. నిధులిచ్చేవారికి ఈ కేంద్రాలు లెక్క చెప్పుకోవాలి, ఆ లెక్కకు గడువులు కూడా ఉంటాయి. కాబట్టి సిబ్బంది మిమ్మల్ని ఏదో ఒక ఉద్యోగంలో త్వరగా చేర్పించాలని తొందరపడితే ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే ఆ తొందర వాళ్లది, నిర్ణయం మీది.

ఒకటి మాత్రం స్పష్టంగా తెలుసుకొని చేరాలి. ఉద్యోగం ఇస్తామని ఏ కేంద్రమూ హామీ ఇవ్వజాలదు. ఉద్యోగం ఇచ్చేది యజమాని, కేంద్రం దారి చూపుతుంది, సిద్ధం చేస్తుంది, పక్కన నిలుస్తుంది.

కాగితాలు సరిచూసుకోవడం

ఆధార్, పదో తరగతి మెమో, ఆపై చదివిన చదువుల మెమోలు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు, కొన్నిచోట్ల మీసేవలో తీసుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు అడుగుతారు. వీటిని జిరాక్స్ తీయించే ముందు అన్నీ ఒకచోట పరిచి, మీ పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ప్రతి కాగితంలోనూ ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండడం, పెళ్లయిన ఆడవారికి ఆధార్‌లో అత్తింటి పేరు, మెమోలో పుట్టింటి పేరు ఉండడం మన దగ్గర మామూలే. చేరేటప్పుడు ఎవరూ పట్టించుకోరు గానీ, పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలో కేవైసీ, అంటే గుర్తింపు వివరాల నిర్ధారణ, చేసే రోజున ఈ తేడాయే అడ్డం పడుతుంది. సరిదిద్దడానికి శిక్షణ కాలమే అనువైనది, ఉద్యోగంలో చేరాక అందుకు సెలవు దొరకదు.

బ్యాంకు ఖాతా కూడా చూసుకోవాలి. ఎప్పుడో తెరిచి వదిలేసిన జన్‌ధన్ ఖాతాలో రెండేళ్లకు పైగా మీరు లావాదేవీ చేయకపోతే బ్యాంకు దాన్ని పనిచేయని ఖాతాగా పెడుతుంది. శాఖకు వెళ్లి కేవైసీ మళ్లీ ఇచ్చి బతికించుకోవచ్చు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోవాలి. కేంద్రం దగ్గర గానీ, తర్వాత యజమాని దగ్గర గానీ వాటిని వదిలి రాకూడదు.

మొదటిసారి సలహాదారుతో కూర్చున్నప్పుడు

ఈ సమావేశంలో ఇంటి ఆదాయం, ఖర్చు, అప్పులు అడుగుతారు. చాలామంది బ్యాంకు అప్పు మాత్రమే చెప్పి ఊరుకుంటారు. డ్వాక్రా సంఘంలో అమ్మ తీసుకున్న లోను, మైక్రోఫైనాన్స్ వారం కిస్తీ, ఫోను ఈఎంఐ, ఎత్తుకున్న చీటీ, నోటు రాసి తెచ్చిన అప్పు, బంధువుల చేబదులు, కుదువపెట్టిన బంగారం కూడా అప్పుల చిట్టాలోకే వస్తాయి. వెళ్లేముందు రాత్రి ఇంట్లో అందరితో కూర్చొని ఒక కాగితం మీద ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, కిస్తీ ఏ తేదీన అని రాసుకుంటే ఆ గంట వృథా కాదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 50,000 రూపాయలకు నెలకు 1,500 వడ్డీయే కట్టాలి, అంటే ఏడాదికి 36 శాతం. ఇంట్లో కొద్దిపాటి బంగారం ఉంటే బ్యాంకులో బంగారం అప్పు తీసుకొని ఈ అప్పు తీర్చడం లాభమా కాదా అన్న లెక్క సలహాదారు వేసి చూపగలడు. అయితే మీరు ఆ నోటు సంగతి చెబితేనే.

మీ అప్పులు, వాటి చెల్లింపుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టు తీస్తామంటే భయపడనక్కరలేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థల్లో ప్రతిదాని నుంచీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా పొందే హక్కు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మీకుంది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల్లో ఉద్యోగానికి వెళ్లేవారి రిపోర్టును యజమానులు చూడడం కూడా ఉంది గనుక, ఎప్పుడో ఆగిపోయిన ఫోను కిస్తీ అందులో బాకీగా ఉందేమో ముందే తెలిస్తే మంచిది. రిపోర్టు మీ ఎదుటే, మీ అనుమతితో తీయాలి.

సలహాదారు అడగకూడనివి కొన్ని ఉన్నాయి: ఓటీపీ, పిన్, ఏటీఎం కార్డు. రిపోర్టు కోసం ఫోనుకు వచ్చే ఓటీపీని మీరే టైపు చేయాలి. ఫలానా బీమా పాలసీయే కొనాలని పట్టుబట్టడం కూడా సలహా కాదు. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజన, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన్ జ్యోతి బీమా యోజన మీ బ్యాంకు ఖాతా నుంచే తీసుకోవచ్చు, ఎవరి మధ్యవర్తిత్వమూ అక్కరలేదు. మీ ఫొటోనూ, మీ కథనూ దాతలకు పంపే నివేదికలో వాడుకుంటామని సంతకం అడిగితే, వద్దనడానికి మీకు హక్కుంది. వద్దన్నంత మాత్రాన సేవ ఆపకూడదు.

శిక్షణ రోజులు

హాజరు, సమయపాలన, ఫోను పక్కన పెట్టడం వంటి నియమాలు అన్నిచోట్లా ఉంటాయి. రాలేకపోతే ముందురోజే చెప్పండి. చెప్పకుండా మానేసినవారి పేరు ఇంటర్వ్యూ జాబితాలో చివరికి పోతుంది. ఇంగ్లీషు రాదని వెనక కూర్చోవడం కన్నా, వచ్చినంత మాట్లాడడం మేలు.

ఆఫర్ లెటర్ చదవడం

ఇక్కడ నిదానించాలి. ఉదాహరణకు నెలకు 15,655 రూపాయల సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, అని చెప్పారనుకుందాం. అందులో యజమాని కట్టే పీఎఫ్ 1,200, యజమాని వాటా ఈఎస్‌ఐ 455 కలిసి ఉండవచ్చు. అవి తీసేస్తే మొత్తం జీతం 14,000. బేసిక్ (మూల వేతనం) 10,000 అయితే దాని మీద 12 శాతం, అంటే 1,200 మీ వాటా పీఎఫ్‌గా కోస్తారు. 14,000 మీద 0.75 శాతం, అంటే 105 రూపాయలు ఈఎస్‌ఐకి పోతాయి. చేతికొచ్చేది 12,695. మోసం ఏమీ లేకపోయినా, ముందు తెలియకపోతే మోసంలాగే అనిపిస్తుంది. పీఎఫ్ మీ పేరిటే చేరుతుంది. ఈఎస్‌ఐ వల్ల మీకూ, మీ మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం దొరుకుతుంది. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవారు దాని పరిధిలోకి వస్తారు. కాబట్టి కోతలు ఏమీ లేకుండా చేతికి 13,000 ఇస్తామనే చోటు కన్నా ఇది మెరుగు కావచ్చు. ఈ లెక్కను సలహాదారు చేత కాగితం మీద వేయించుకోండి.

జీతం పడే తేదీ, నోటీసు కాలం, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే బాండు ఉందా, రాత్రి షిఫ్టు అయితే వాహనం పంపుతారా అన్నవి కూడా అడగాలి.

మొదటి జీతం చేతికొచ్చేదాకా

ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చినవారిని అడిగితే పని కష్టమనో, సూపర్‌వైజర్ మంచివాడు కాడనో చెబుతారు. లోతుగా అడిగితే చాలాసార్లు బయటపడేది మొదటి నెల డబ్బు చాలకపోవడమే. పై ఉద్యోగంలో పదో తేదీన చేరి, జీతం మరుసటి నెల ఏడున పడుతుందనుకోండి. దాదాపు నాలుగు వారాలు చేతిలో ఏమీ ఉండదు. ఏడున పడేది కూడా 30 రోజుల నెలలో 21 రోజులకే, అంటే సుమారు 8,900. ఈలోగా హైదరాబాదులో హాస్టల్‌కు అద్దె, అడ్వాన్సు ఒకేసారి కట్టాలి. బస్సు పాసు, నల్ల షూ, ఆదివారం సాయంత్రం హాస్టల్‌లో భోజనం పెట్టకపోతే బయట తిండి కూడా ఉంటాయి. హాస్టల్‌కు 6,000, అడ్వాన్సు 2,000, మిగతావాటికి 3,000 అనుకుంటే 11,000 ముందే చేతిలో ఉండాలి. ఇది లేక వడ్డీకి తెస్తే మొదటి జీతమంతా దానికే సరి.

ఈ ఖాళీ ఉంటుందని ప్రభుత్వమూ గుర్తించింది. గ్రామీణ కౌశల్య యోజన 2016 మార్గదర్శకాల్లో ఉద్యోగంలో చేరినవారికి నెలకు 1,000 చొప్పున, సొంత జిల్లాలో అయితే 2 నెలలు, రాష్ట్రంలోనే వేరే జిల్లాలో అయితే 3, రాష్ట్రం బయట అయితే 6 నెలలు ఇచ్చే ఏర్పాటు పెట్టింది. మీరు చేరిన కేంద్రంలో ఇలాంటి సాయం ఉందా, ఎవరికి దరఖాస్తు చేయాలి అని శిక్షణ మొదటి వారంలోనే అడగండి. లేకపోతే శిక్షణ కాలంలోనే ఇంట్లో చెప్పి ఈ మొత్తాన్ని పోగుచేయడం, అడ్వాన్సు అడగని హాస్టల్‌ను పాత బ్యాచ్‌వారి ద్వారా వెతకడం, కొన్నాళ్లు బంధువుల ఇంట్లో ఉండడం వంటి దారులు సలహాదారుతో కలిసి ఆలోచించాలి.

ఆ వారాల్లోనే లోన్ యాప్‌ల ప్రకటనలు ఎక్కువ ఆకర్షిస్తాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు నేరుగా మీ ఖాతాలోనే పడాలి, మొత్తం ఖర్చు చూపే పత్రం ముందే ఇవ్వాలి. ఫోనులోని కాంటాక్టులు, ఫొటోలు అడిగే యాప్‌ను అక్కడే తీసేయండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

చేరాక

కేంద్రం నుంచి కొన్ని నెలలపాటు ఫోన్లు వస్తాయి, పేస్లిప్పులు అడుగుతారు. నిధులిచ్చినవారికి చూపడానికే అయినా, ఆ ఫోను మీకూ పనికొస్తుంది. జీతం తగ్గి పడినా, పీఎఫ్ కోసి జమ చేయకపోయినా, వేధింపు ఎదురైనా చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నట్టే. పేస్లిప్పులో కోసిన పీఎఫ్ మీ పీఎఫ్ పాస్‌బుక్‌లో జమ అయిందో లేదో ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో రెండో నెల నుంచి చూసుకోండి.

ఉద్యోగం నచ్చకపోతే చెప్పకుండా మానేయకండి. ముందు కేంద్రానికి చెబితే వేరే చోటు చూసే వీలుంటుంది, నోటీసు ఇచ్చి బయటికొస్తే రిలీవింగ్ లెటర్ దక్కుతుంది. కొత్త చోట చేరేటప్పుడు పాత 12 అంకెల యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) నంబరే ఇచ్చి, పాత ఖాతాలోని పీఎఫ్‌ను కొత్తదానికి మార్పించుకోవాలి. రెండో యూఏఎన్ పుట్టిందంటే రెండింటినీ కలపడానికి మళ్లీ కాగితాలతో తిరగాలి.