పెరట్లో పొయ్యి, పైన మబ్బు

మే నెలలో మా విజయనగరంలో సాయంత్రం ఐదు దాటితే గానీ పెరట్లో కాలు పెట్టలేం. అప్పుడు మూడు ఇటుకలు పేర్చి కర్రలు మండించండి. మంట తగ్గి నిప్పులయ్యాకే వంకాయలు పెట్టాలి. నూనె రాసి, గాట్లు పెట్టడం మర్చిపోవద్దు. గాటు లేకపోతే టప్పున పేలుతుంది (మా గోడ మీద మరక ఇంకా ఉంది).

అవి కాలేలోపు పడమర కొండల వైపు చూడండి. మబ్బు తల కమ్మరి దాగలిలా (ఇనుము పెట్టి కొట్టే దిమ్మలా) చదునుగా పరుచుకుంటే ఉరుముల మబ్బే, ఇంట్లోకి వచ్చేయండి.

ఈలోగా గురజాడ ముత్యాలసరం అనే ఛందస్సుతో ఆట: పాదానికి 14 మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు), 3-4-3-4 లెక్కన. నేను ‘మబ్బు కమ్మెను పడమటంచున’ అన్నాను. మా అమ్మాయి ఠక్కున ‘గాలి లేచెను నాన్న లోనికి’ అంది.